రెండు తలగడల సంగతి

విజయనగరం

చిరంజీవి శ్రీనుకు మీ నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమం. పెద్దచెరువు నిండింది. మేడ గదిలో కారడం మాత్రం ఆగలేదు. నువ్వు ఫోను చేసి ఇరవై మూడు రోజులైంది. లెక్కపెట్టింది మీ అమ్మ, నేను కాదు.

మొన్న మంగళవారం పైడితల్లి గుడి దగ్గర రమణమ్మత్త కనిపించి, నువ్వు రాత్రిళ్ళు దగ్గుతున్నావనీ, రెండు తలగడలు ఎత్తుగా పెట్టుకుని పడుకుంటున్నావనీ కోడలు అన్నట్లు చెప్పింది. అత్త గోరంతను కొండంత చేసే మాట నిజమే గాని, ఇలాంటిది కల్పించడానికి ఆమెకు వైద్యం రాదు. బరువు తగ్గడానికి నీ జీర్ణాశయం పైభాగానికి బ్యాండు వేసిన ఆపరేషన్ నాడు డాక్టరుగారు చెప్పినవి పంచాంగం వెనక వ్రాసుకున్నాను. బ్యాండు మరీ బిగిస్తే తిన్నది దాని పైన ఏర్పడిన చిన్న సంచిలోనే నిలిచి, పడుకున్నప్పుడు గొంతులోకి ఎగదన్ని దగ్గు వస్తుందనీ, అప్పుడు ఓర్చుకుని కూర్చోక చర్మం కింద అమర్చిన పోర్టులోకి సూది వేయించి, బ్యాండును బిగించడానికి నింపిన సెలైన్ నీరు కొంత తీయించుకోవాలనీ అందులో ఉంది. దసరా ముందు మూడోసారి బిగించుకున్న తరువాత నువ్వు రెండుసార్లు చూపించుకోవడం మానేశావట. బిగించినకొద్దీ మంచిదనుకున్నావా?

ఉపన్యాసం ఇవ్వకూడదనే మొదలుపెట్టాను. నీకు గుర్తుందా, బొబ్బిలిలో బుజ్జి పెళ్ళి? నీకప్పుడు ఏడేళ్ళు. మూడే పళ్ళు మిగిలిన మీ మామ్మ మొదటి బంతిలో కూర్చుని, పప్పన్నాన్ని చింతపిక్కంత ముద్దలు చేసి, ఒక్కొక్కదాన్ని నోట్లో అటూ ఇటూ తిప్పుతూ, నీళ్ళ గ్లాసు ముట్టకుండా తింటూ ఉంటే, రెండో బంతివారు వెనక నిలబడ్డారు. మిగిలిన ఆకులన్నీ ఎత్తేసిన కుర్రవాడు చీపురు పట్టుకుని ఆమె ఎదుటే నిలిచాడు. పెళ్ళిపెద్ద వచ్చి "ఇంకేమైనా కావాలా అమ్మా" అంటే, వెటకారమని తెలియక, "పెరుగన్నం దాకా వచ్చినప్పుడు పిలుస్తాను నాయనా" అన్నది. మీ పెదనాన్న సిగ్గుపడి పందిరి దాటిపోయాడు. నువ్వు మాత్రం పక్కన కూర్చుని ఆమె ముద్దలు లెక్కపెట్టావు. మెత్తగా నమిలి అరగంట తినమనీ, భోజనంతో నీళ్ళు తాగక తరువాత అరగంట ఆగమనీ డాక్టరుగారు అంటున్నప్పుడు నాకు మామ్మే కళ్ళముందు మెదిలింది. నువ్వేమో ఆఫీసులో పది నిమిషాల్లో డబ్బా ఖాళీ చేస్తావు.

వారానికి అరకిలో నుంచి కిలో దాకా తగ్గితే చాలని వారే అన్నారు. వాంతులతో తగ్గి సంబరపడవద్దు. అవి ఎడతెగకపోతే బి1 విటమిన్ తరిగిపోయి నరాలకే ముప్పు. అన్నం దిగడం లేదని ఐస్‌క్రీములకు మళ్ళావేమో, అవి సులువుగా జారిపోతాయి, బరువు తగ్గనివ్వవు. శీతల పానీయాల జోలికి అసలు పోకు. మళ్ళీ దగ్గు దగ్గరకే వస్తున్నాను: అది జలుబు కాదు, కషాయంతో పోదు, ఈ వారమే వెళ్ళు.

శనివారం రైలుకు బాబూరావు మావయ్య వస్తున్నాడు. చోడిపిండి పంపుతున్నాను, అంబలి పలచగా కాయించుకో. డబ్బా మూత బిగుసుకుపోతుంది, చెంచా కాడతో తియ్యి, గోళ్ళతో కాదు. మీ అమ్మ భీమాళి తాండ్ర కూడా పెట్టబోతే నేనే తీసేశాను. చక్కెర మాట అటుంచి, అది నీ సంచి గుమ్మంలోనే అతుక్కుపోతుంది. అందులో సగం నేను తిన్నానని ఆమెతో అనకు. డాక్టరుగారు ఏ రోజు రమ్మన్నారో మావయ్య తిరుగు రైలెక్కేలోగా అతనికి చెప్పు.

మీ నాన్న