చిన్నాకు ఉత్తరం

చిన్నా,

నీ ఫోన్ వచ్చి ఇరవై రోజులైంది. ఇక్కడ అందరం కులాసా. జామచెట్టు ఈసారి విరగకాసింది. నిన్న అత్తయ్య వచ్చి, నువ్వు ఆఫీసులో ఎవరిమీదో అరిచి ఉద్యోగం వదిలేశావట అంది. నేను నమ్మలేదు. అది అడగడానికీ రాయడంలేదు.

ఈమధ్య గ్రీకు తత్వవేత్త ప్లేటో రాసిన 'రిపబ్లిక్' మళ్ళీ తీశాను. అందులో లియోంటియస్ అని ఒకాయన. పిరేయస్ రేవు నుంచి ఏథెన్స్‌కి నడిచొస్తున్నాడు. ఉత్తరపు గోడ బయట, తలారి దగ్గర శవాలు పడి ఉన్నాయి. చూడాలని ఒకటే ఆత్రం, వెంటనే రోత. ముఖం కప్పుకుని చాలాసేపు తనతో తానే పెనుగులాడాడు. చివరికి ఓడిపోయి, కళ్ళు విప్పార్చుకుని అటు పరిగెత్తి, చూడండి దౌర్భాగ్యుల్లారా, కరువుతీరా చూడండి అని తన కళ్ళనే తిట్టాడు. తిట్టింది రోషం, తిట్లు తిన్నది కోరిక. అందుకే ఆ రెండూ వేరంటాడు ప్లేటో. బుద్ధితో కలిపి లోపల ముగ్గురు. రోషాన్ని ఆయన తప్పుపట్టలేదురా, అది బుద్ధి పక్షాన నిలబడాల్సిన బంటు. కాపరి పిలిస్తే కుక్క వెనక్కొచ్చినట్టు, బుద్ధి పిలవగానే చల్లబడాలి.

తాతయ్య చెప్పే కఠోపనిషత్తు రథం గుర్తుందా? బుద్ధి సారథి, మనసు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు. ప్లేటో 'ఫీడ్రస్'లోనూ రథమే, గుర్రాలు మాత్రం రెండే, ఒకటి మాట వింటుంది, రెండోది వినదు. ఎంత దూరాన ఉన్నవాళ్ళు, ఎంత దగ్గరగా ఆలోచించారో!

పదో తరగతిలో సైకిల్ గొడవప్పుడు న్యాయం నీదే. ఇప్పుడూ నీదే అయ్యుంటుంది. కానీ నడిచేవాడు అనుకున్నచోట ఆగగలడు, పరిగెత్తేవాడు ఆగలేడు. ఆవేశం అలాంటిదేనని క్రిసిప్పస్ చెప్పాడు, ఆవేశాలకు లొంగకూడదనే స్టోయిక్ తత్వవేత్తల్లో ఒకడు. అరవకముందే ఆగాలి నాన్నా. గొంతు లేచాక నీ చేతిలో ఉండదు.

రాత్రిపూట భోజనం మానకు. ఆకలితో ఉంటే నీకు మాట తూలుతుంది, చిన్నప్పట్నుంచీ అంతే. అమ్మ గోంగూర పచ్చడి డబ్బాకెత్తి నాలుగు రోజులైంది. నువ్వు ఆ పాత గదిలోనే ఉన్నావో లేదో తెలియక పంపలేదు. ఉద్యోగం సంగతి నీకు చెప్పాలనిపించినప్పుడే చెప్పు. అడ్రసు మాత్రం ఇవాళే చెప్పు.

నాన్న