పరస్పర అంగీకార విడాకులు: ఖర్చు తగ్గే దారి ఉంది

సంపాదకులకు,

‘ఇంట్లో కూర్చునే విడాకులు, కోర్టు గడప తొక్కనక్కర్లేదు’ అనే ప్రకటనలు ఈమధ్య ఫోన్లలో తెగ కనిపిస్తున్నాయి. వాటికి డబ్బు కట్టినవాళ్లలో చాలామందికి చివరికి దక్కేది నోటరీ ముద్ర వేసిన స్టాంపు కాగితమే. హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లి ఆ కాగితంతో రద్దు కాదు. దాన్ని నమ్ముకుని ఇంకో పెళ్లి చేసుకుంటే అది చెల్లదు సరికదా, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 82 కింద నేరం. కులాచారం ప్రకారం విడిపోవడానికి హిందూ వివాహ చట్టం సెక్షన్ 29(2) చోటిచ్చినా, అలాంటి ఆచారం ఉందని కోర్టులో రుజువు చేసుకోవాల్సింది ఆ మాట చెప్పేవాళ్లే. పెద్దమనుషులు సంతకాలు చేశారంటే సరిపోదు.

ఇద్దరికీ సమ్మతమైతే దారి అదే చట్టంలోని సెక్షన్ 13బి. కోర్టు ఫీజు స్వల్పమే. డబ్బు కరిగిపోయేది అరకొర కాగితాలతో వెళ్లి వాయిదాల చుట్టూ తిరగడంలో.

ముందు కోర్టు ఏదో చూసుకోవాలి. పెళ్లి జరిగిన ఊరు, చివరిసారి కలిసి కాపురమున్న చోటు, భార్య ఇప్పుడుంటున్న చోటు, ఈ మూడింటిలో ఎక్కడైనా వేయవచ్చు. హైదరాబాద్ చిరునామా అనగానే పురానీ హవేలీ ఫ్యామిలీ కోర్టే అనుకోకండి. గచ్చిబౌలి రంగారెడ్డి జిల్లా కిందికి వస్తుంది. తప్పు చోట వేసిన పిటిషన్ తిరిగొస్తుంది.

ఏడాదిగా విడిగా ఉంటున్నామని పిటిషన్‌లో రాయాలి. ఒకే ఇంట్లో ఉన్నా భార్యాభర్తలుగా మెలగకపోతే విడిగా ఉన్నట్టే అని సుప్రీంకోర్టు 1991లో సురేష్టా దేవి కేసులో చెప్పింది. అయితే ఇద్దరి ఆధార్‌లోనూ ఒకే చిరునామా ఉంటే జడ్జి తప్పకుండా అడుగుతారు. ఎప్పటినుంచి, ఎలా విడిగా ఉంటున్నారో ముందే ఒక పేరా రాసిపెట్టండి. పేర్ల తేడా ఇంకో తలనొప్పి. శుభలేఖలో ముద్దుపేరు, ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, పాస్‌పోర్టులో అత్తింటిది. అన్నిటినీ ‘అలియాస్’ పెట్టి మొదటి పేజీలోనే చూపాలి. లేకపోతే కోర్టు ఆఫీసు అభ్యంతరం పెట్టక తప్పదు.

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఒప్పంద పత్రం మీద. ‘వస్తువులన్నీ ఇచ్చిపుచ్చుకున్నాం’ అనే ఒక్క వాక్యం ఎన్నో కేసులను మళ్లీ మొదటికి తెచ్చింది. బంగారం ఎన్ని తులాలు, ఏయే నగలు, ఎవరి లాకర్లో ఉన్నాయి, ఏ రోజు అప్పగిస్తారు, అన్నీ పట్టిక వేసి ఇద్దరూ సంతకాలు చేయాలి. భరణం ఒకేసారి ఇచ్చేట్టయితే సగం మొదటి మోషన్ (పిటిషన్ మీద ఇద్దరూ తొలిసారి అంగీకారం చెప్పే విచారణ) నాడు, మిగతాది రెండో మోషన్ (ఆ అంగీకారాన్ని మళ్లీ ఖాయం చేసే విచారణ) నాడు డీడీ రూపంలో ఇస్తామని రాసుకోవడం ఇద్దరికీ క్షేమం. ఫ్లాట్ మీద హోమ్‌లోన్ ఉంటే బ్యాంకుకు మీ ఒప్పందంతో పని లేదు. సహ రుణగ్రహీత పేరు తీసేదాకా ఈఎంఐ బాధ్యత పోదు. పిల్లలుంటే ఏ వారాంతం ఎవరి దగ్గర, దసరా, సంక్రాంతి సెలవులు ఎలా, స్కూలు ఫీజు, పాస్‌పోర్టు సంతకం ఎవరివి అనేంతవరకూ రాయండి. పిల్లల పోషణ హక్కును తల్లిదండ్రులు ఒప్పందంతో వదులుకోలేరు. భార్యను వేధించారన్న 498ఎ కేసు (ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 85) ఉంటే విడాకుల డిక్రీతో, అంటే కోర్టు తీర్పు ఉత్తర్వుతో, దానంతటదే పోదు, దాని ముగింపు కూడా పత్రంలో ఉండాలి.

పిటిషన్ వేసిన ఆరు నెలల తర్వాత, 18 నెలల్లోపు రెండో మోషన్. ఈలోగా ఎవరైనా మనసు మార్చుకుని అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు. పిటిషన్ వేసేనాటికే ఏడాదిన్నర విడిగా ఉండి, భరణం, పిల్లల సంగతి తేలిపోయి, రాజీ ప్రయత్నాలు ఫలించకపోతే, ఆ ఆరు నెలలు మాఫీ చేయమని అడగవచ్చు. అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2017లో ఇచ్చిన తీర్పు ఇందుకు ఆధారం.

ఆన్‌లైన్‌లో నిజంగా అయ్యే పనులు వేరు. ఈ-కోర్ట్స్ ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో కక్షిదారు కూడా నమోదై పిటిషన్ వేయవచ్చు. ప్రతి కేసుకూ ఇచ్చే 16 అక్షరాలు, అంకెల సీఎన్ఆర్ నంబరుతో వాయిదాలు ఉచితంగా చూసుకోవచ్చు. దానికి ఎవరికీ డబ్బివ్వకండి. విదేశాల్లో ఉన్నవాళ్లు వీడియోలో హాజరయ్యేందుకు కోర్టు అనుమతి కోరవచ్చు. అక్కడినుంచి పంపే పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించడం చాలామంది మరిచిపోతున్నారు. అమెరికా డిక్రీ ఉంది కదా అని ఊరుకోవడమూ ప్రమాదమే. తిరుపతిలో జరిగిన పెళ్లిని మిస్సోరీ కోర్టు రద్దు చేస్తే, ఆ డిక్రీ ఇక్కడ చెల్లదని 1991లో వై.నరసింహారావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం 1987 న్యాయసేవల అధికార సంస్థల చట్టం ఇచ్చిన హక్కు. న్యాయసహాయ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేస్తే చాలు. ఈ సంగతి ఫ్యామిలీ కోర్టు గుమ్మం దాకా వచ్చినవాళ్లలోనూ ఎందరికో తెలియదు.

అందుకే రాష్ట్ర న్యాయసేవాధికార సంస్థకు మా విన్నపం. 13బి పిటిషన్, ఒప్పంద పత్రం, కావలసిన కాగితాల జాబితా, మూడింటికీ తెలుగు, ఉర్దూ నమూనాలు తయారుచేసి ప్రతి ఫ్యామిలీ కోర్టు దగ్గర ఉచితంగా ఇవ్వాలి, వెబ్‌సైట్‌లోనూ పెట్టాలి. నింపిన పత్రాన్ని దాఖలుకు ముందు ఒకసారి చూసిపెట్టే న్యాయవాదిని వారానికి రెండు రోజులైనా అక్కడ కూర్చోబెట్టాలి.

ఇట్లు,
ఫ్యామిలీ కోర్టు కేసులు చూసే కొందరు న్యాయవాదులు,
హైదరాబాద్