సున్నపు గోడకు సిమెంటు వద్దు

సంపాదకుల వారికి,

సిడ్నీలో పిల్లల దగ్గరికి వెళ్లిన మన తల్లిదండ్రులు ఒపేరా హౌస్ తప్పక చూసొస్తారు. భారతీయుల దుకాణాలతో కిటకిటలాడే హారిస్ పార్క్ పక్కనే, రోజ్‌హిల్‌లో ఉన్న ఎలిజబెత్ ఫామ్‌కు మాత్రం వెళ్లేవాళ్లు తక్కువ. 1793లో కట్టిన ఇటుక ఇల్లది. ఆస్ట్రేలియాలో ఐరోపా వలసదారుల ఇళ్లలో ఇప్పటికీ నిలిచి ఉన్నవాటిలో అదే పాతది. బర్రమట్టగల్ ఆదివాసుల నేలలో సైనికాధికారి జాన్ మెకార్థర్‌కు అప్పటి దొరతనం ఇచ్చిన 100 ఎకరాల్లో కట్టారు. ఆయన ఉత్తరంలో రాసిన కొలతల ప్రకారం పొడవు 68 అడుగులు, వెడల్పు 18 అడుగులే. మేడ లేదు, నాలుగు గదులు, ఒక హాలు, నేలమాళిగ. వరండాలు తర్వాత చేర్చినవి. ఇప్పుడది మ్యూజియం. కుర్చీలో కూర్చున్నా, తలుపు తీసి చూసినా ఎవరూ వద్దనరు.

ఆ తొలిరోజుల్లో సిడ్నీ చుట్టుపక్కల సున్నపురాయి దొరకలేదు. ఆల్చిప్పలు కాల్చి సున్నం చేసుకునేవారు, అదీ చాలకపోతే బంకమట్టితోనే ఇటుక పేర్చేవారు. మన కోస్తా ఊళ్లలో పాత మిద్దెలకు వాడిన గుల్ల సున్నం కూడా అలాంటిదే. అందుకే సున్నపు గోడకు సిమెంటు వద్దనే మాట మన ఇళ్లకూ వర్తిస్తుంది.

సున్నపు గోడ నేల నుంచి పీల్చిన చెమ్మను ఇటుకల మధ్య సున్నపు సందుల గుండా బయటికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. చెమ్మ ఇటుకలోంచే పోవాల్సి వచ్చి, దాంతో వచ్చిన ఉప్పు ఇటుక పైపొర వెనకే గడ్డకట్టి పెచ్చులుగా ఊడగొడుతుంది. సిమెంటు గట్టిగానే ఉంటుంది, కరిగిపోయేది ఇటుక. పెచ్చులూడిన చోట మళ్లీ సిమెంటే పూయడం మన ఊళ్లలో చూస్తూనే ఉన్నాం, బాధేస్తుంది.

మరమ్మతు చేయించేవారు ముందు కప్పు కారడం, గోడ మొదట్లో నీళ్లు నిలవడం ఆపాలి. వదులైన పాత సున్నాన్ని ఉలితో, సందు వెడల్పుకు రెండింతల లోతు దాకా తీయాలి. గ్రైండర్ పెడితే ఇటుక అంచులు పోతాయి. దుమ్ము దులిపి, గోడ బాగా తడిపి, ముద్ద సున్నం ఒక పాలు, ఉప్పులేని ఏటి ఇసుక మూడు పాళ్లు కలిపి కూరాలి. సున్నం గాలి పీల్చుకుంటూ మెల్లగా గట్టిపడుతుంది, ఎండకు త్వరగా ఆరితే పొడిపొడిగా రాలిపోతుంది. కనీసం వారం రోజులు తడి గోనెపట్టాలు వేలాడదీయాలి. నడి ఎండల్లోనూ, ముసురు పట్టిన రోజుల్లోనూ ఈ పని పెట్టుకోకండి.

— పాత ఇళ్ల మరమ్మతు మేస్త్రి, మచిలీపట్నం