పిల్లల బీరువా, పెద్దల పేర్లు: గ్రంథాలయ విభాగం వార్షిక నివేదిక

కాలనీ సంక్షేమ సంఘం సభ్యులందరికీ నమస్కారం.

నీళ్ళ ట్యాంకర్లు, లిఫ్టు మరమ్మతులు, మెయింటెనెన్స్ బకాయిల సంగతి కార్యదర్శిగారి నివేదికలో వస్తుంది. గ్రంథాలయ విభాగం తరఫున నేను చెప్పేది క్లబ్ హౌస్ పక్క గదిలో ఉన్న పుస్తకాల గురించి. పోయిన సర్వసభ్య సమావేశంలో మీరు ఒప్పుకున్న ప్రకారం ఈ ఏడాది కొన్నవన్నీ ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ వయసువాళ్ళ కోసం రాసిన నవలలే. బొమ్మల పుస్తకాలు దాటేసి, పెద్దల నవలలు ఇంకా పట్టని వయసది. ఇంగ్లిష్ ప్రచురణకర్తలు వీటిని మిడిల్ గ్రేడ్ అంటారు. మన గదికొచ్చేవాళ్ళు మాత్రం 'ఐదో క్లాసు పిల్లకి ఏదైనా ఉందాండీ' అని అడుగుతారు.

ఇష్యూ రిజిస్టర్ తిరగేస్తే తేలిందేమిటంటే, ఈ నవలలు పట్టుకెళ్ళినవాళ్ళలో పెద్దలు పిల్లలకేమీ తీసిపోలేదు. మొదట్లో 'మా అబ్బాయి కోసం' అంటూ రాయించుకున్నవాళ్ళే రానురాను మొహమాటం లేకుండా తమ పేర్లు రాయించుకున్నారు. దాంతో నెలనెలా జరిగే చర్చ పిల్లలకు వేరే, పెద్దలకు వేరే పెట్టాలన్న ఆలోచన మానేసి అందరినీ ఒకేచోట కూర్చోబెట్టాం. పెద్దలుంటే పిల్లలు నోరు విప్పరని విభాగంలో ఇద్దరు ముగ్గురు గట్టిగానే వాదించారు. ఆ భయం స్వామి వచ్చి తీర్చాడు.

ఆర్.కె. నారాయణ్ 'స్వామి అండ్ ఫ్రెండ్స్' 1935లో వచ్చింది. లండన్ ప్రచురణకర్తలు వరసగా తిప్పికొడుతుంటే విసిగిపోయి, రాతప్రతికి రాయి కట్టి థేమ్స్ నదిలో పడేయమని నారాయణ్ తన స్నేహితుడికి రాశాడు. స్నేహితుడు ఆ మాట వినకుండా ఇంగ్లిష్ నవలాకారుడు గ్రాహం గ్రీన్‌కి చూపించాడు కాబట్టి స్వామి ఉండే ఊహల ఊరు మాల్గుడి బతికింది. దూరదర్శన్‌లో సీరియల్ చూసి పెరిగిన తల్లిదండ్రుల్లో చాలామంది పుస్తకం చదవడం మాత్రం ఇదే మొదలు. అందులో స్వామికి వాళ్ళ నాన్న ఒక లెక్క ఇస్తాడు. రాముడి దగ్గర పది మామిడిపళ్ళున్నాయి, వాటి మీద పదిహేను అణాలు సంపాదించాలి, కృష్ణుడికి నాలుగే చాలు, ఎంతివ్వాలి? పళ్ళు పండాయో లేదో తెలియకుండా ధర ఎలా చెప్పడమని స్వామి బుర్ర బద్దలు కొట్టుకుంటాడు. లెక్కల మాస్టారుగా రిటైరైన బి బ్లాకు సభ్యులొకరు 'నా సర్వీసు మొత్తంలో ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు' అన్నారు. 'అడిగితే కొట్టేవారేమో తాతగారూ' అని ఒక పిల్ల. ఆ తర్వాత ఎవరికీ మొహమాటం మిగల్లేదు.

చివరి అధ్యాయం దగ్గర మాత్రం గది రెండు జట్లయింది. స్వామి మీద అలిగిన స్నేహితుడు రాజం వాళ్ళ నాన్నకి బదిలీ అవుతుంది. కదిలే రైలు దగ్గర స్వామి ఆండర్సన్ కథల పుస్తకం పట్టుకుని నిలబడతాడు. ఇంకో స్నేహితుడు మణి సాయంతో అది రాజం చేతికి చేరుతుంది. రాజం కోపం పోయిందా లేదా నారాయణ్ తేల్చడు. పెద్దల్లో ఎక్కువమంది పోలేదన్నారు. పిల్లలు 'పుస్తకం తీసుకున్నాడుగా, ఇంక కటీఫ్ ఏంటి' అన్నారు. వాచ్‌మన్ లైట్లు ఆర్పడానికి వచ్చేదాకా ఈ సంగతి తెగలేదు.

అమెరికన్ రచయిత ఇ.బి. వైట్ 1952లో రాసిన 'షార్లట్స్ వెబ్' గురించి విభాగానికి రాతపూర్వకంగా ఒక ఫిర్యాదు అందింది కాబట్టి ఇక్కడ వివరంగా చెప్పాలి. నాన్న గొడ్డలి పట్టుకుని ఎక్కడికెళ్తున్నాడని ఫెర్న్ అనే ఎనిమిదేళ్ళ పిల్ల అడగడంతో నవల మొదలవుతుంది. బక్కగా పుట్టిన పందిపిల్లను చంపడానికి వెళ్తుంటాడు. ఆ పిల్ల ఏడ్చి గోలచేసి దాన్ని కాపాడుతుంది. మళ్ళీ దాని ప్రాణం మీదికొచ్చినప్పుడు షార్లట్ అనే సాలీడు తన గూట్లో అక్షరాలు అల్లి కాపాడుతుంది. చివరికి ఆ సాలీడు ఊరి సంత ముగిశాక ఒంటరిగా చచ్చిపోతుంది. చిన్నపిల్లలకు ఇంత చావు అవసరమా అన్నది ఫిర్యాదు. చర్చలో తెలిసిందేమిటంటే, చదివి ఏడ్చింది తల్లులు. పిల్లలు సాలీడు గుడ్లలోంచి పుట్టిన బుల్లి సాలీళ్ళ దగ్గరికి వెళ్ళిపోయారు. రచయిత స్వయంగా ఈ పుస్తకం చదివి రికార్డు చేసినప్పుడు కూడా ఆ చావు దగ్గర గొంతు పూడుకుపోయి మళ్ళీ మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చిందట. విభాగం అభిప్రాయం ఏమిటంటే, పిల్లల దగ్గర చావును దాచే నవలను వాళ్ళు ఒక్కసారి చదివి పక్కన పడేస్తారు, దాచనిదాన్ని మళ్ళీ అడుగుతారు. పుస్తకం బీరువాలోనే ఉంటుంది.

రైలు పెట్టెల్లో నడిచిన టోక్యో బడి కథ 'రైలుబడి' అసలు నవలే కాదు, తెత్సుకో కురొయనగి 1981లో జపనీస్‌లో రాసుకున్న సొంత చిన్ననాటి కథ. నియమం ప్రకారం కొనకూడదని కోశాధికారి అభ్యంతరం చెప్పారు. నమోదు చేశాం, కొన్నాం కూడా. డెస్కు మూత ఊరికే తెరుస్తూ మూస్తూ ఉందనీ, కిటికీ దగ్గర నిలబడి వీధిలో పోయేవాళ్ళని పిలుస్తోందనీ ఒకటో క్లాసులోనే బడి నుంచి తీసేసిన పిల్ల. కొత్త బడిలో హెడ్‌మాస్టర్ కొబయాషి మొదటి రోజే ఆ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని నాలుగు గంటలపాటు చెప్పిందల్లా విన్నాడు. మన కాలనీలో పనిచేస్తున్న టీచర్లు, మానేసిన టీచర్లు అందరూ దీన్ని వంతులవారీగా చదివారు. మన బళ్ళలో ఒక్కో సెక్షన్‌కి ఎంతమంది పిల్లలో, నాలుగు గంటలు వినడం ఎవరివల్ల అవుతుందో అని ఒక టీచర్ అడిగిన దానికి సమాధానం దొరకలేదు. ఆ బడి 1945లో బాంబుదాడిలో కాలిపోయిందని పుస్తకం చివర తెలిసినప్పుడు పిల్లలు అడిగింది మాత్రం ఒకటే: మళ్ళీ కట్టారా? కొబయాషి బతికుండగా కట్టలేకపోయాడు.

ఇక తెలుగు. మన పిల్లలు తెలుగు గడగడా మాట్లాడతారు, కూడబలుక్కుంటూ చదువుతారు. ఇంగ్లిష్ మీడియం ఇళ్ళన్నిటిలో ఇదే పరిస్థితి కాబట్టి ఒకరినొకరు తప్పు పట్టుకోనక్కర్లేదు. ఎ బ్లాకులో ఒక తాతగారూ మనవరాలూ దీనికో ఒప్పందం చేసుకున్నారు. ఆయన ఒక తెలుగు నవల చదివి వినిపిస్తే, ఆ పిల్ల ఒక ఇంగ్లిష్ నవల తెలుగులో చెప్పాలి. ఆయన ఎంచుకున్నది దాసరి సుబ్రహ్మణ్యం. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి దాసరి చందమామలో ఏళ్ళ తరబడి రాసిన సీరియళ్ళ మీద పేరు ఉండేది కాదు. చిత్రకారుడు చిత్రా వేసిన బొమ్మలతో సహా కథంతా గుర్తుండి, రాసినాయన పేరు తెలియకుండానే ఒక తరం పెద్దదైపోయింది. ఆ తరం ఇప్పుడు మన కాలనీలో సీనియర్ సిటిజన్ల బెంచీ మీద ఉంది. 'శిథిలాలయం'లో శిఖిముఖీ విక్రమకేసరీ అడవిలోకి వెళ్ళగానే అధ్యాయం ఆపేస్తే, మనవరాలికి టెన్షన్ ఆగక మిగతాది తనే కూడబలుక్కుని చదివేసింది. ఈ పద్ధతి చూసి ఇంకో నాలుగిళ్ళవాళ్ళు అందుకున్నారు.

ఆ పిల్ల తన వంతుకి చెప్పింది వీరా హీరానందాని 2018లో రాసిన 'ద నైట్ డైరీ'. 1947లో మీర్‌పుర్ ఖాస్ నుంచి జోధ్‌పూర్‌కి కుటుంబంతో నడిచి, రైలెక్కి వచ్చిన పన్నెండేళ్ళ నిషా, ఎప్పుడో చనిపోయిన తన తల్లికి రాసుకున్న ఉత్తరాలు అవి. తండ్రి హిందువు, తల్లి ముస్లిం, తను ఎటు? తాతగారు ఈ కథ రెండుసార్లు చెప్పించుకున్నారు.

లూయిస్ సాచర్ 'హోల్స్' గురించి ఎక్కువ చెప్పను. ఎడారిలో రోజుకో గొయ్యి తవ్వించే శిబిరం, పేరు తిరగేసి రాస్తే ఇంటిపేరయ్యే కుర్రాడు. పుస్తకం ముట్టని అబ్బాయిలకు ఇచ్చి చూశాం, పనిచేసింది. లావుపాటి మాయాలోకాల సెట్లు మాత్రం దండగ. మొదటి భాగం అట్ట నలిగింది, మిగతావి అతికించిన రేపర్ కూడా విప్పలేదు.

తెలుగులో ఈ వయసు నవలలు లేవన్నది నిజం కాదు, దొరకవన్నది నిజం. కేంద్ర సాహిత్య అకాడమీ 2010లో బాల సాహిత్య పురస్కారం మొదలుపెట్టినప్పుడు తెలుగులో తొలి బహుమతి ఒక నవలకే వచ్చింది, కలువకొలను సదానంద 'అడవితల్లి'. 2024లో పి. చంద్రశేఖర్ ఆజాద్ 'మాయాలోకం' కూడా నవలే. పిల్లల పుస్తకాలు పట్టుదలగా వేస్తున్న 'మంచి పుస్తకం' లాంటి సంస్థలు ఉన్నాయి. మామూలు షాపుకి వెళ్తే మాత్రం పోటీ పరీక్షల గైడ్లే కనిపిస్తాయి. మన కొనుగోలు దాదాపు అంతా హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లోనే జరిగింది.

ఖర్చుల పట్టిక కోశాధికారిగారు చదువుతారు. బీరువాకి చెదలమందు కొట్టించాం. శనివారం సాయంత్రం క్యారమ్స్ జట్టుకీ మాకూ గది విషయంలో వచ్చిన తగాదా, వాళ్ళు వరండాలోకి మారడంతో సర్దుకుంది. వానాకాలంలో ఏం చేయాలో ఈ సమావేశమే చెప్పాలి.

తీర్మానానికి పెడుతున్నవి ఇవి. వచ్చే ఏడాది పుస్తకాల డబ్బులో సగం తెలుగు నవలలకే కేటాయించాలి. చర్చ పిల్లలూ పెద్దలూ కలిసే జరగాలి, మొదటి మాట మాత్రం పిల్లలదే కావాలి. నందూరి రామమోహనరావు తెలుగు చేసిన 'టామ్ సాయర్', 'కాంచన ద్వీపం' ఎవరింట్లోనైనా పాత ప్రతులుంటే గదికి ఇవ్వాలని మనవి. ముళ్ళపూడి వెంకటరమణ, బాపుల 'బుడుగు' పిల్లల బీరువాలో ఉండాలా, పెద్దల బీరువాలోనా అన్నది విభాగం తేల్చలేకపోయింది. అది కూడా ఓటింగ్‌కి పెడుతున్నాం. ప్రస్తుతం ఆ పుస్తకం రెండిట్లోనూ లేదు, రిజిస్టర్‌లో సంతకం లేకుండా వెళ్ళింది. తీసుకెళ్ళినవారు ఓటింగ్ లోపు తెచ్చి ఇవ్వాలి.