ఇకనుంచి కార్లకు డ్రమ్ము ఆయిల్ పొయ్యం: పాత బండ్లున్నవాళ్లు ఒకసారి చదవండి

మన షెడ్డుకు వచ్చే అందరికీ నమస్కారమండీ. సంక్రాంతి రద్దీ మొదలయ్యాక ఎవరికీ తీరిక దొరకదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. ఇకనుంచి మన దగ్గర కార్లకు డ్రమ్ములోంచి లూజు ఆయిల్ పొయ్యం. ట్రాక్టర్లకి, చెరువుల మీద జనరేటర్లకి డ్రమ్ము అలాగే ఉంటుంది. కార్లకు మాత్రం సీలున్న డబ్బా మీ ముందే తెరిచి పోసి, బిల్లు మీద గ్రేడు రాసిస్తాం. దీనివల్ల కొందరికి ఖర్చు పెరుగుతుంది, కొందరికి తగ్గుతుంది. ఎందుకో చెప్పకుండా రేటు మారిస్తే మీరు ఊరుకోరు కదా, అందుకే ఇది.

లక్ష కిలోమీటర్లు దాటిన కారు తెచ్చినవాళ్లలో ఎక్కువమంది అనే మాట ఒకటే. "బండి పెద్దదైపోయిందండీ, కాస్త చిక్కటిది పొయ్యండి." ఈ మాట అంబాసిడర్ల రోజుల నుంచి వస్తోంది, ఆ ఇంజన్లకు సరిపోయింది కూడా. అంబాసిడర్, మారుతి 800 రెండూ 2014లోనే తయారీ ఆగిపోయాయి. ఇప్పుడు మన రావులపాలెం రోడ్డు మీద పాత కారు అంటే 2011 స్విఫ్టు, 2012 ఐ10, డీజిల్ డిజైరు. పైన రంగు వెలిసి, సీట్లు చిరిగి ఉండొచ్చు గానీ లోపలున్నది సన్నటి ఆయిల్‌కి తగ్గట్టు కట్టిన ఇంజన్. పెట్రోలు స్విఫ్టులో వీవీటీ ఉంది. వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో ఆయిల్ ప్రెషర్‌తో సర్దే ఏర్పాటు అది. ఆ ఆయిల్ దారులు చాలా సన్నం. డీజిల్ డిజైరు 1.3 ఇంజన్‌లో టైమింగ్ చెయిన్‌ని బిగువుగా పట్టి ఉంచేది కూడా ఆయిల్ ప్రెషరే. అందులో 20డబ్ల్యూ-50 లాంటి చిక్కటి ఆయిల్ పోస్తే పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు పైదాకా ఆయిల్ చేరడానికి ఆలస్యమవుతుంది. ఆ కాసేపట్లో వినపడే కటకట శబ్దానికే మళ్లీ నా దగ్గరకు వస్తారు, ఇంకా చిక్కటిది పొయ్యమంటారు!

డబ్బా మీద అంకెల గురించి చాలామందికి టెన్షన్. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎలా కదులుతుందో చెప్పేది. 15డబ్ల్యూ అంటే మైనస్ 20 డిగ్రీల చలిలో పరీక్షకు నిలబడిన ఆయిల్. మన డెల్టాలో భోగి మంట దగ్గర కూర్చునే చలికి దాంతో లెక్కే లేదు. కాబట్టి 5డబ్ల్యూనా, 10డబ్ల్యూనా అని మన దగ్గర ఎక్కువ ఆలోచించక్కర్లేదు. సన్నటిదైతే స్టార్ట్ చేయగానే కాస్త తొందరగా పైకి చేరుతుంది, అంతే. పట్టించుకోవాల్సింది రెండో అంకెని. ఇంజన్ వేడెక్కి 100 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు చిక్కదనం అది. 30 గ్రేడుకి 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత), 40కి 12.5 నుంచి 16.3, 50కి 16.3 నుంచి 21.9 దాకా ఉండాలి. అంటే 30 పోయాల్సిన బండిలో 50 పోస్తే చిక్కదనం రెట్టింపుకు దగ్గరగా వెళ్తుంది. పికప్ తగ్గిందని, పెట్రోలు ఎక్కువ తాగుతోందని అంటే మరి తగ్గదా?

అలాగని కంపెనీ చెప్పినదానికి చుక్క తేడా రాకూడదని కూడా నేను అనను. బండితో వచ్చిన పుస్తకంలో చాలా మోడళ్లకు ఒకే గ్రేడు కాకుండా వేడిని బట్టి రెండు మూడు గ్రేడులు ఇచ్చి ఉంటాయి. ఇంజన్ ఆయిల్ తాగుతుంటే ఆ పట్టికలోనే ఒక మెట్టు పైకి, అంటే 30 నుంచి 40కి వెళ్లడం న్యాయమే. మే నెల ఎండలో ఫుల్ లోడుతో తిరిగే పాత బండికి నేనూ అదే పోస్తాను. పట్టిక దాటి పోవడానికే నేను ఒప్పుకోను.

అయితే ఆ మెట్టు ఎక్కాలో వద్దో చెప్పేది ఓడోమీటర్ కాదు, ఇంజన్‌లోంచి బయటకు లాగి చూసే ఆయిల్ గేజి పుల్ల. లక్షన్నర తిరిగినా చుక్క తగ్గని ఇంజన్లున్నాయి, డెబ్బై వేలకే పొగొచ్చేవీ ఉన్నాయి. ఆయిల్ మార్చిన రోజు గేజి మీద పై గీత దగ్గర ఉందో లేదో మీరే చూడండి. 1000 కిలోమీటర్లు తిరిగాక చదునైన చోట ఆపి, ఐదు నిమిషాలాగి మళ్లీ చూడండి. చాలా కార్లలో కింది గీతకీ పై గీతకీ మధ్య లీటరు అటూ ఇటూ ఉంటుంది. పావు లీటరు తగ్గితే టాపప్ చేసుకుని హాయిగా తిరగండి, గ్రేడు మార్చొద్దు. అర లీటరు తగ్గితే ఒకసారి తీసుకురండి. ముందు పీసీవీ వాల్వు, అంటే ఇంజన్ లోపలి ఆవిరిని బయటకు వదిలే వాల్వు చూస్తాను. అది మూసుకుపోయినా ఆయిల్ తగ్గుతుంది, దాని ఖరీదు కూడా పెద్దగా ఉండదు. రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే నీలంగా ఒక్కసారి పొగ కొట్టి ఆగిపోతే వాల్వ్ సీళ్లు. యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ పొగ వస్తుంటే రింగులు. 1000 కిలోమీటర్లకి లీటరు తాగేస్తుంటే బండి బోరుకొచ్చినట్టే, అంటే ఇంజన్ విప్పాల్సిందే. దానికి ఏ డబ్బాలోనూ మందు లేదు. అమ్మేముందు చిక్కటి ఆయిల్ పోసి పొగ దాచేవాళ్లున్నారు కాబట్టి సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు బేరానికి వెళ్లకముందే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి చూడండి.

యూట్యూబ్ చూసి "హై మైలేజ్ ఆయిల్ ఉందా" అని అడుగుతున్నారు. అమెరికాలో 75,000 మైళ్లు, అంటే సుమారు 1,20,000 కిలోమీటర్లు దాటిన కార్లకని అమ్ముతారు. గట్టిపడిన రబ్బరు సీళ్లను కాస్త మెత్తబరిచే పదార్థం అందులో కలుపుతారు. చెమటలా పట్టే లీకుకి కొంత పనిచేస్తుంది. చిరిగిన సీలుకి చెయ్యదు. ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) ప్యాకింగ్ నుంచి కారుతుంటే ఆ ప్యాకింగ్ మార్చుకోవడమే చవక.

అందరికన్నా ఎక్కువ చెప్పాల్సింది బండి తియ్యనివాళ్లకి. పిల్లలు హైదరాబాదులోనో గల్ఫులోనో ఉంటారు, కారు ఇక్కడ నాన్నగారి పేరున షెడ్డులో ఉంటుంది. వారానికోసారి బజారు దాకా, ఎప్పుడైనా అన్నవరం. "ఏడాదికి మూడు వేలే తిరిగిందండీ, ఆయిల్ మార్చడం ఎందుకు" అంటారు. ఇంజన్ పూర్తిగా వేడెక్కకుండా ఆపేస్తుంటే లోపల చేరిన నీటి ఆవిరి, కాలని పెట్రోలు ఆయిల్‌లోనే మిగిలిపోతాయి. ఆయిల్ మూత తీస్తే అడుగున మీగడలా తెల్లగా కనపడేది చాలాసార్లు ఇదే. హెడ్ ప్యాకింగ్ పోయి రేడియేటర్ నీళ్లు ఆయిల్‌లో కలిశాయని వెంటనే భయపడక్కర్లేదు. ఆ నీళ్లు కూడా తగ్గుతుంటే అప్పుడు అనుమానించాలి. కిలోమీటర్లతో పని లేకుండా ఏడాదికోసారి మార్చండి, పదిహేను రోజులకోసారైనా బండిని అమలాపురం నుంచి రావులపాలెం దాకా ఒక రౌండు తిప్పండి.

లంకల్లో ఉన్నవాళ్లకి ఇంకో మాట. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక, అంటే 13.75 అడుగులు అన్నారంటే బండిని ఏటిగట్టు మీదకి చేర్చెయ్యండి. 2022 జూలై వరద అందరికీ గుర్తే కదా. ఇంజన్ దాకా నీళ్లొచ్చిన బండిని మాత్రం స్టార్ట్ చెయ్యొద్దు. గేజి తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే తాడు కట్టి లాక్కురండి.

డీజిలు బండ్ల సంగతి వేరు. మార్చిన నాలుగు రోజులకే ఆయిల్ నల్లబడిందని కంగారుపడతారు. మసిని తనలో పట్టి ఉంచడమే దాని పని, నలుపు చూసి మార్చక్కర్లేదు. భీమవరం వైపు చెరువులున్నవాళ్లు జనరేటర్‌కి తెచ్చిన 15డబ్ల్యూ-40 డ్రమ్ములోంచే కారుకీ పోస్తుంటారు. దాని మీద సీఐ-4 అని (డీజిల్ ఇంజన్ ఆయిల్ నాణ్యత గుర్తు) ఉండి, మీ పాత డీజిల్ కారు పుస్తకం ఆ గ్రేడుని ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదు. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) డీజిలుకి మాత్రం వద్దే వద్దు. దాని పొగగొట్టంలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది, ఆయిల్‌లోంచి వచ్చే బూడిదతో అది మూసుకుపోతుంది. ఆ ఫిల్టర్ రేటు వింటే డ్రమ్ము మీద మిగిలింది గుర్తుకు రాదు.

ఇక డబ్బుల మాట. నాకు ఎక్కువ మిగిలేది ఫుల్ సింథటిక్ డబ్బా మీదే. అయినా పాత 800కో, ఓమ్నీకో సింథటిక్ అంటగట్టను. పుస్తకంలో ఉన్న మినరల్ ఆయిల్ పోసుకుని 5000 కిలోమీటర్లకి మార్చుకుంటే చాలు. స్విఫ్టు, ఐ10 వాళ్లకి సింథటిక్ పెట్టుబడి దండగ కాదు, ఎక్కువ కాలం నిలుస్తుంది. ఇంజన్ లోపల కడిగే ఫ్లష్‌లు, పొగ తగ్గించే సీసాలు అమ్మడం కూడా మానేశాను. ఏళ్ల తరబడి మడ్డి పట్టిన ఇంజన్‌లో ఫ్లష్ పోస్తే ఊడిన మడ్డి వెళ్లి కింద ఆయిల్ నిలిచే ఛాంబర్‌లోని జాలీకి అడ్డం పడుతుంది. అలాంటి బండికి రెండు మూడుసార్లు తొందరగా ఆయిల్ మార్చుకుంటే అదే మెల్లగా శుభ్రపడుతుంది. లేబర్ మాత్రం యాభై రూపాయలు పెంచక తప్పలేదు. పనివాళ్ల జీతాలు పెరిగాయి.

ఖాళీ డబ్బాలు అడగొద్దు, మీ ముందే కోసేస్తాం. వాటిలోనే నకిలీ ఆయిల్ నింపి మళ్లీ బజారులోకి తెస్తున్నారు. చెదలకి, గేట్లకి రాయడానికని వాడిన ఆయిల్ అడిగేవాళ్లకి కూడా ఇకమీదట లేదనే చెబుతాను. అది చివరికి కాలువలోకే చేరుతోంది. రీసైక్లింగ్ లైసెన్సున్నవాళ్లకే ఇస్తాం.

భోగికి ముందు మూడు రోజులూ అర్జెంటు రిపేర్లే చూస్తాం, ఆయిల్ మార్పులు పెట్టుకోం. ఆలోపు వచ్చేవాళ్లు బండి పుస్తకం వెంట తెచ్చుకోండి. పోయుంటే మోడల్, సంవత్సరం, పెట్రోలా డీజిలా అన్నది వాట్సాప్‌లో పెట్టండి, ఏ గ్రేడు కావాలో చూసి డబ్బా తెప్పించి ఉంచుతాను.