38 డిగ్రీల షెడ్డు, 20 డిగ్రీల గది

మడికొండ,
12 అక్టోబర్ 2025

అరే బక్కోడా,

ఈ దసరాకూ రాలేదు కదా నువ్వు. నీ వాటా జమ్మి ఆకు మీ అమ్మ చేతిలో పెట్టి, కాళ్లు మొక్కొచ్చాను. "వాడు ఏసీల నడుమ సల్లగున్నడు, నేనే ఈడ ఉడుకుతున్న" అన్నది. మోకాళ్ల నొప్పి తగ్గింది, మందులు మానకుండా వేసుకుంటోంది. టెన్షన్ పెట్టుకోకు.

మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి నవ్వి ఊరుకున్నాను. నీకు కోపమొచ్చిందని తర్వాత తెలిసింది. ఫోన్‌లో చెబితే సగం నేను మింగేస్తాను, సగం నువ్వు వినవు. ఆదివారం కదా, మెషిన్ బంద్. అందుకే కాగితం పట్టాను.

ఫిబ్రవరిలో అబుదాబి ఆయుధాల ఎగ్జిబిషన్‌కు ఏసీ డక్టుల పని మీద పోయి, మన దేశం స్టాల్ ముందు నిలబడి ఫోటో పంపావు గుర్తుందా? వెనకాల తెల్లటి క్షిపణి బొమ్మ, ముందు నువ్వు, మెడలో పాసు, చేతిలో స్క్రూడ్రైవర్. నా షెడ్డులో చేసే లోహపు ముక్కలు ఆయుధాల కంపెనీలకు పోతాయి కదా, "ఇందులో నీ ముక్క ఏదిరా?" అని రాశావు. ఇప్పుడేమో "ఆరు లక్షల ఎనభై వేల కోట్ల బడ్జెట్ అంట, నీకిక పండగే" అన్నావు.

ముందు మొదటిదానికి చెబుతా. నా ముక్క ఎక్కడికి పోతుందో నాకే తెలీదురా. నాకొచ్చే డ్రాయింగ్ మీద ఒక నంబర్, కొలతలు, మెటీరియల్ పేరు, అంతే. నేను హైదరాబాద్ బాలానగర్‌లో ఒక వర్క్‌షాప్‌కు చేసిస్తాను. వాళ్లు ఇంకో కంపెనీకి ఇస్తారు. ఆ కంపెనీ అసెంబ్లీ చేసి పెద్ద ఫ్యాక్టరీకి పంపుతుంది. నేను మెట్ల కింద చెప్పులు విడిచే చోట ఉన్నాను. పైన పూజ ఏ దేవుడికో అడిగే రివాజు లేదు. తెలిసినా నీకు రాయనులే, అది వేరే సంగతి.

ఇక బడ్జెట్. 2025-26కు రక్షణకు పెట్టింది 6,81,210 కోట్లు, నిజమే. కానీ అందులో 1,60,795 కోట్లు పెన్షన్లకే పోతాయి. ఆ తర్వాత జీతాలు, రేషన్, డీజిల్, రిపేర్లు. కొత్తగా కొనడానికి, కట్టడానికి మిగిలేది 1.80 లక్షల కోట్లు. అందులో ఆయుధాల ఆధునికీకరణకు 1.49 లక్షల కోట్లు, దానిలో మన దేశంలోనే కొనాలని పక్కన పెట్టింది 1.12 లక్షల కోట్ల దాకా. అది విమానాలు, ఓడలు, ట్యాంకులు, రాడార్లు అన్నీ తినగా, నాలుగు మెట్లు దిగి మడికొండకు వచ్చేసరికి ముక్కకు ఇంత అని జాబ్ వర్క్ కూలి. చెరువు నిండిందని విని చివరి మడి రైతును పార్టీ అడిగినట్టుంది నీ వరస.

పెన్షన్ మాట వచ్చింది కాబట్టి, మీ అన్న కొడుకు పొద్దున ఐదింటికే హనుమకొండ స్టేడియంలో పరుగెత్తుతున్నాడు. అగ్నివీర్‌కు. మొదటి ఏడు నెలకు 30 వేలు, చేతికి 21 వేలు. నాలుగేళ్లకు పదకొండు లక్షల చిల్లరతో బయటికి. నూటికి పాతికమందినే ఉంచుకుంటారు. మిగతావాళ్లకు పెన్షన్ లేదు. ఆ 1.60 లక్షల కోట్ల బరువే ఈ పథకానికి పెద్ద కారణమని నా లెక్క. పిల్లవాడికి ఇదంతా చెప్పి చూశాను. "మామా, ముందు సెలెక్ట్ కానీయ్" అన్నాడు. ఇంకేం అంటాం?

నువ్వు అనుకునే బజారుకూ, నేనున్న బజారుకూ తేడా ఎక్కడుందో ఎనుమాముల మార్కెట్‌తో చెబుతా, మీ నాన్నతో మనిద్దరం బండిలో పోయేవాళ్లం కదా. రైతు తేజ మిర్చి బస్తాలు దింపుతాడు. ఒకడు తేమ ఉందని వంక పెడితే ఇంకొకడు చెయ్యి పెట్టి చూస్తాడు. ధర తక్కువో ఎక్కువో, సాయంత్రానికి సరుకు కదులుతుంది. రక్షణ బజారులో కొనేవాడు ఒక్కడే, సర్కారు. ఏం కావాలో చెప్పేదీ వాడే, పరీక్ష చేసేదీ వాడే, ధర ఒప్పేదీ వాడే, నువ్వు బయట ఇంకెవరికి అమ్మొచ్చో చెప్పేదీ వాడే. వాడు వద్దంటే ఆ ముక్కకు లోకంలో ఇంకో గిరాకీ లేదు.

ఇది నాకు పుస్తకంలో తెలియలేదురా, దెబ్బ తిని తెలిసింది. నీకు అప్పుడు సిగ్గేసి చెప్పలేదు.

పోయినేడు మే నెల. అల్యూమినియం రింగులు 60, లోపలి రంధ్రం, అంటే బోరు, 100 మిల్లీమీటర్లు, పైకీ కిందికీ కలిపి 25 మైక్రాన్ల తేడా వరకే ఓర్చుకుంటామన్నారు. మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు, పాతిక మైక్రాన్లంటే వెంట్రుక మందంలో మూడో వంతు అనుకో. రాత్రీ పగలూ కూర్చుని చేశాను. ఒక్కొక్కదాన్నీ బోర్ గేజ్ పెట్టి కొలిచాను, అన్నీ కరెక్టే. మా ఆవిడ పాత కాటన్ చీర చింపి ఒక్కో రింగునూ చుట్టి, రెండు బ్యాగుల్లో సర్ది, హనుమకొండలో బస్సెక్కాను. ఒక బ్యాగు ఒళ్లో, ఒకటి కాళ్ల మధ్య. జనగామ దగ్గర కండక్టర్ "పెద్దమనిషీ, ఏమున్నయ్ అందుల, గంత పట్టుకున్నవ్?" అన్నాడు. గాజులన్నాను.

బాలానగర్లో ఇన్‌స్పెక్షన్ గదిలో పెట్టారు. నాలుగు గంటలు ఊరికే ఉంచారు, ముక్కలు గది వేడికి రావాలట. తర్వాత కొలిస్తే 60కి 51 తక్కువ సైజు. నాకు కాళ్లు ఆడలేదు. వాళ్ల మెషినే తప్పని లొల్లి పెట్టుకున్నాను కూడా. అక్కడ ఒక పెద్దాయన బయటికి పిలిచి టీ ఇప్పించి అడిగాడు: "మీ షెడ్డులో ఎంత వేడి ఉంటది?"

నువ్వు ఏసీ మెకానిక్‌వి, నీకు ఇప్పటికే అర్థమయ్యుంటుంది. 100 మిల్లీమీటర్ల అల్యూమినియం డిగ్రీకి రెండు మైక్రాన్ల పైన పెరుగుతుంది. మే నెలలో నా రేకుల షెడ్డు రాత్రి కూడా 38. వాళ్ల గది 20. నడుమ పద్దెనిమిది డిగ్రీలు, నలభై మైక్రాన్లు. నా గేజ్ స్టీలు కాబట్టి అదీ కొంత పెరిగి తప్పును సగం దాచింది. మిగిలిన ఇరవై మైక్రాన్లు నన్ను ముంచాయి. నేను కొలిచింది అబద్ధం కాదు, వాళ్లు కొలిచిందీ అబద్ధం కాదు.

సైజు తక్కువ కాబట్టి మళ్లీ బోరు పట్టొచ్చు కదా అంటావు. పట్టాను. 51లో 32 దక్కాయి. మిగతా 19 సన్నటి గోడవి, ముక్కను పట్టుకునే మెషిన్ చక్‌లో బిగిస్తే గుండ్రం పోయాయి. వాటిని స్క్రాప్ కింద కూడా అలాగే అమ్మకూడదు. కోసి, ముక్కలు లెక్కగట్టి చూపాలి. మెటీరియల్ వాళ్లది కాబట్టి దాని ఖర్చు నా బిల్లులో కోశారు. నా చేత్తో చేసిన రింగులను నా చేత్తో కోసిన రోజు ఇంట్లో అన్నం తినబుద్ధి కాలేదు.

పైసల సంగతి. చిన్న పరిశ్రమకు 45 రోజుల్లో ఇవ్వాలని 2006లోనే చట్టం ఉంది. నాకు ఏడు నెలలకు వచ్చాయి. నాకిచ్చేవాడిని అడిగితే వాడికి పైనుంచి రాలేదంటాడు, అదీ నిజమే. కేసు పెట్టొచ్చు. పెట్టాక పని ఎవడిస్తాడు? అందుకే రైస్ మిల్లు షాఫ్టులు, బోరు మోటార్ల బుష్‌లు మానలేదు. షాఫ్టు విరిగిన మిల్లు సేటు పొద్దున వస్తాడు, సాయంత్రం నోట్లు లెక్కపెట్టి ఇస్తాడు. వాడికి మైక్రాన్ అంటే ఏమిటో తెలీదు, దండం పెట్టాలనిపిస్తుంది.

పైన ఎందుకింత ఆలస్యం అంటే, కొంత బోఫోర్స్ ఫిరంగుల పుణ్యం. 1986లో 410 ఫిరంగులు కొన్నారు, 1987లో స్వీడన్ రేడియో ముడుపుల కథ బయటపెట్టింది. ఆ ఫిరంగులేమో మంచివే, 1999 కార్గిల్‌లో పని చేసింది అవే. కానీ ఆ భయంతో సైన్యానికి మళ్లీ కొత్త 155 ఎంఎం ఫిరంగి రావడానికి 2017 దాకా పట్టింది. సంతకం పెట్టిన ఆఫీసర్‌ను అడిగేవాళ్లు వందమంది ఉంటారు, పెట్టకుండా ఫైల్ పక్కకు జరిపినవాడిని అడిగేవాడు ఒక్కడూ లేడు. నేను కూడా ఆ కుర్చీలో ఉంటే జరిపేవాడినేమో.

మొన్న సెప్టెంబర్ 26న మిగ్-21లను పూర్తిగా దించేశారు, టీవీలో చూసే ఉంటావు. 1963లో వచ్చినవి. వాటి చోటికి రావాల్సిన మన సొంత యుద్ధవిమానం తేజస్‌కు అనుమతి ఇచ్చింది 1983లో. కొత్త రకానివి 83 విమానాలు కావాలని 2021లో ఆర్డర్ పెట్టారు, 2025 అక్టోబర్ నాటికి ఒక్కటీ వాయుసేన చేతికి రాలేదు. ఇంజిన్ అమెరికా నుంచి రావాలి, ఆలస్యానికి అదో పెద్ద కారణం. మనది మనది అని జబ్బలు చరుచుకుంటాం కానీ, గుండెకాయ ఇంకొకడి దుకాణంలో ఉంది. ఆ ఇంజిన్ లోహం అంత వేడికి తట్టుకోవడమే అసలు విద్య. కంచన్‌బాగ్‌లో 1973లో పెట్టిన సర్కారు కంపెనీ మిధాని ఇలాంటి లోహాల మీదే పని చేస్తోంది, వాళ్ల మారేజింగ్ స్టీలు అనే గట్టి ఉక్కు ఒకసారి నా టూళ్లు ఎన్ని తిన్నదో నాకు తెలుసు. అయినా ఇంజిన్ వేరే మాట.

అట్లని మొత్తం ఏడుపే కాదు. 2013-14లో మనం బయటికి అమ్మింది 686 కోట్లు, 2024-25లో 23,622 కోట్లు. బ్రహ్మోస్‌ను ఫిలిప్పీన్స్ కొన్నది. 2010-14 మధ్య మన దిగుమతుల్లో రష్యా వాటా 72 శాతం, 2020-24కు 36. కానీ ఆ ఐదేళ్ల లెక్కలో ప్రపంచంలో ఉక్రెయిన్ తర్వాత ఎక్కువ ఆయుధాలు దిగుమతి చేసుకున్నది మనమే. అంటే దుకాణం తెరిచాం, ఇంట్లో సామాను మాత్రం ఇంకా పక్క దుకాణం నుంచే వస్తోంది. పక్క దుకాణం మారింది, ఫ్రాన్స్ వాడి వాటా 33 అయింది.

నవ్వొచ్చే విషయం ఒకటి. మీ అత్తగారి కమ్మర్‌పల్లి పక్కన కోనసముద్రం ఉంది చూడు, మీ పెళ్లప్పుడు మన జీపు ఆగిపోయింది ఆ దారిలోనే. ఆ ఊళ్లో కమ్మర్లు మూసల్లో ఉక్కు వండేవాళ్లు. దాన్ని కొనడానికి ఇరాన్ నుంచి, ఇస్ఫహాన్ నుంచి వ్యాపారులు వచ్చి కొలిమి పక్కనే కూర్చునేవాళ్లు, కత్తులకు. రెండు వందల ఏళ్ల కింద వాయ్సీ అనే ఇంగ్లీష్ డాక్టర్ చూసి రాశాడు: మా దేశంలో ఇట్లాంటిది చేయబోయి మావల్ల కాలేదని ఆ వ్యాపారులే చెప్పారట. ఎగ్జిబిషన్ లేదు, టెండర్ లేదు, కొనేవాడే నిజామాబాద్ అడవుల దాకా నడిచొచ్చాడు. మన తాతలకు బిల్లు ఎన్ని రోజులకు వచ్చేదో ఆ డాక్టర్ రాసినట్టు లేదు, అది రాసుంటే బాగుండేది.

నిరుడు చివరి బిల్లు తర్వాత తొమ్మిది నెలలు బాలానగర్ వైపు నుంచి ఒక్క ఫోన్ లేదు. సీఎన్‌సీ మెషిన్ అప్పు కిస్తీ మాత్రం ప్రతి నెలా ఐదో తారీఖున ఫోన్ చేయకుండానే వచ్చేది. మే నెలలో ఆపరేషన్ సిందూర్ అయింది. జూన్ మొదటి వారంలో ఫోన్: "ఎన్ని చేయగలవు, ఎప్పటికి?" అదే గొంతు, కానీ ఈసారి "అన్నా" అన్నాడు. నేను సంతోషంగా ఇంట్లోకి వచ్చి చెప్పాను. అమ్మ చాటలో బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండానే "కొట్లాట మొదలైతే సంబురపడుతున్నవేందిరా" అన్నది. లేదమ్మా, ఇది అట్లా కాదు అని మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను. నీ దగ్గర దానికి జవాబుంటే రాయి. నాకైతే ఇంకా దొరకలేదు.

ఇప్పుడు అసలు పని. 240 రింగులు ఒప్పుకున్నాను. మొదటి నాలుగు నమూనాలు నవంబర్ నెలాఖరుకు ఇవ్వాలి. ఈసారి షెడ్డు మూలకు కొలతల గది కడుతున్నా. పదడుగులు, పన్నెండడుగులు, ఎత్తు తొమ్మిది. సిమెంటు ఇటుక గోడ, పైన థర్మకోల్ వేసి ఫాల్స్ సీలింగ్. పడమటి గోడకు మధ్యాహ్నం నుంచి ఎండ కొడుతుంది. లోపల ఒక మనిషి, ఒక కంప్యూటర్, ఒక గ్రానైట్ బల్ల. 20 డిగ్రీలు, అటూ ఇటూ ఒక్కటే తేడా రావాలి, రోజంతా. ఇక్కడి షాపువాడు ఒకటిన్నర టన్ను చాలంటాడు. ఇన్వర్టర్‌దా, మామూలుదా? గాలి నేరుగా బల్ల మీద పడితే కొలత తేడా వస్తుందని ఆ పెద్దాయన అన్నాడు, మరి యూనిట్ ఏ గోడకు పెట్టాలి? కరెంటు పోయి వచ్చాక మళ్లీ నిలదొక్కుకోవడానికి ఎంతసేపు పడుతుంది? గది బొమ్మ గీసి వెనక పేజీలో పెట్టాను, తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా గీశాను. శుక్రవారం నీకు సెలవు కదా, చూసి గీతలు పెట్టి వాట్సాప్‌లో ఫోటో పంపు. గోడ మేస్త్రీ ఆ తర్వాతి సోమవారం వస్తున్నాడు, కన్నం ఎక్కడ వదలాలో వాడికి చెప్పాలి.

నీ
మొద్దుగాడు