అది బల్లి కాదండీ, మారకుండా కూర్చున్నదీ కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పిల్లల పేజీలో చైనా భారీ సాలమాండర్ ఫోటో వేసి, కింద "17 కోట్ల ఏళ్లుగా మారని రాక్షస బల్లి" అని రాశారు. మా మనవరాలు ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పి రిటైరైన వాణ్ణి, మంచినీళ్ల కోసం ఫ్రిజ్ తీసిన ప్రతిసారీ ఆ మాట కళ్లబడుతోంది. ఇక ఆగలేక రాస్తున్నా.

ముందు బల్లి సంగతి. బల్లికి ఒంటి నిండా పొలుసులు, కాళ్లకి గోళ్లు, గుడ్డుకి పెంకు ఉంటాయి. సాలమాండర్‌కి ఈ మూడూ లేవు. తడి చర్మం, గోళ్లు లేని వేళ్లు, నీళ్లలో పూసల దండలా పెట్టే జిగురు గుడ్లు. అది కప్పకి చుట్టం, ఉభయచరం. బల్లి మీద పడితే ఏ ఫలమో పంచాంగంలో రాసుంటుంది గానీ దీనికి రాయలేదు. 50 కిలోల దాకా, దాదాపు ఆరడుగులు పెరిగేది మీద పడ్డాక ఫలం చూసుకోడానికి మనిషి మిగలాలి కదా!

ఇంత ఒళ్లు పెట్టుకుని అది ఊపిరి పీల్చేది చర్మంతోనే. పక్కల వెంట వేలాడే మడతలు చూసి అందరూ ముసలి చర్మం అనుకుంటారు, నిజానికి నీటికి తగిలే వైశాల్యం పెంచుకోడానికి అవి. ఊపిరితిత్తులు ఉన్నాయి, వాటి పని మాత్రం చాలా తక్కువ. మన కొర్రమీను పైకొచ్చి గాలి మింగి బురదగుంటలో కూడా నెట్టుకొస్తుంది, దీనికి మాత్రం చల్లగా పారే కొండ ఏరు కావాలి. మా ఇంట్లో గోల్డ్‌ఫిష్ తొట్టి ఉంది, మే నెలలో కరెంటు పోయి మోటారు ఆగితే అరగంటలో చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ నిలవదు. 10 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 11 మిల్లీగ్రాముల దాకా కరుగుతుంది, 30 డిగ్రీలకి ఏడున్నరకి దిగిపోతుంది. వేసవిలో మా వైపు గోస్తని నదిని చూసినవాళ్లకి ఈ జంతువు మన వైపు ఎందుకు లేదో వేరే చెప్పక్కర్లేదు. ఇవి ఉండేది చైనా, జపాన్, ఇంకా అమెరికా తూర్పు కొండల్లోనే. అమెరికాది కాస్త చిన్నది, హెల్‌బెండర్ అంటారు.

ఇక నన్ను అసలు పొడిచింది బల్లి కూడా కాదు, "మారని" అన్న మాట.

ఎముకల ఆకారం పెద్దగా మారలేదు, ఒప్పుకుంటాను. 1726లో షాయిష్జర్ అనే స్విట్జర్లాండ్ పండితుడు రాతిలో దొరికిన ఒక అస్థిపంజరాన్ని చూసి, ఇది బైబిల్ ప్రళయంలో మునిగిపోయిన మనిషిదని పుస్తకం వేశాడు. మనిషే అని దాదాపు వందేళ్లు నమ్మినవాళ్లున్నారు. 1811లో ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే ఆ రాయిని జాగ్రత్తగా చెక్కించి ముందుకాళ్లు బయటికి తీస్తే తేలింది, అది భారీ సాలమాండర్ అని. అందుకే ఈ జాతులకి ఆండ్రియాస్ అనే పేరు మిగిలిపోయింది, మనిషి ప్రతిమ అని దాని అర్థం. (ప్రళయం కథ మనకీ ఉంది, మనవాళ్లు తెలివిగా చేపతో సరిపెట్టారు.) ఆ శిలాజం వయసు కోటి ఏళ్లు దాటింది, ఇప్పటి సాలమాండర్ పక్కన పెడితే ఎముకల్లో పోలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మరి 17 కోట్లు? ఈ వంశం మిగతా సాలమాండర్ల నుంచి విడిపోయిన కాలానికి వేసిన లెక్క అలాంటిది. ఇప్పుడు కనిపించే జంతువు అప్పట్నుంచీ ఇలాగే ఉందని దానర్థం కాదు. 2003లో చైనా జురాసిక్ రాళ్లలోంచి వచ్చిన చునర్‌పెటాన్ అనే శిలాజ సాలమాండర్‌ని మొదట ఈ కుటుంబంలోనే కలిపారు, తర్వాత ఎముకలు మళ్లీ పరిశీలించినవాళ్లు కాదన్నారు.

ఆ మాటకొస్తే దీని ఒంట్లో పాతదీ కొత్తదీ కలిసే ఉన్నాయి. పాత అలవాటంటే గుడ్లు ఒంటి బయట ఫలదీకరణ చెందడం, చేపల్లాగా. సాలమాండర్లలో నూటికి ఎనభైకి పైగా జాతులు దాన్ని ఎప్పుడో వదిలేశాయి. జపాన్‌లో ఆగస్టు చివర్లోనో సెప్టెంబర్‌లోనో ఒక పెద్ద మగది గట్టు కింద బొరియని పట్టుకుంటుంది, ఆడవి వచ్చి గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. ఆ తర్వాత కాపలా అంతా తండ్రిదే. తోకతో నీళ్లు విసురుతూ గుడ్లకి ఆక్సిజన్ అందిస్తుంది, బూజు పట్టిన గుడ్లని ఏరి తినేస్తుంది, 40-50 రోజులకి పిల్లలు బయటికొచ్చాక కూడా చలికాలమంతా వాటితోనే ఉంటుంది. నా సర్వీసులో ఈ పాఠం ఎప్పుడు చెప్పినా ఆడపిల్లలు చప్పట్లు కొట్టేవారు. కొత్త సంగతులంటారా, కింది దవడని ఒక పక్కే తెరిచి ఆ వైపు చేపని గుటుక్కున పీల్చేయగలదు. పెద్దయ్యాక మొప్పలు పోతాయి గానీ కంటిరెప్పలు మాత్రం రావు, రూపవిక్రియ, అంటే పిల్ల రూపం నుంచి పెద్ద రూపానికి మారడం, సగంలోనే ఆగిపోతుంది. అలా సగంలో ఆపేయడం కూడా పరిణామమే కదండీ! డీఎన్ఏ అయితే మనిషికన్నా పది రెట్లకి పైనే ఉంది.

ఇదంతా ముసలాయన చాదస్తం అనుకోకండి. అన్నీ ఒకటే, ఎప్పుడూ ఒకటే అనే ఆలోచనే వాటి కొంప ముంచింది. చైనాలో ఉన్నది ఒకే జాతి అనుకుని, తిండి కోసం ఫారాల్లో లక్షల్లో పెంచి, అంతరించిపోతున్నాయి కదా అని అవే ఫారం జంతువుల్ని తెచ్చి ఏ నదిలో పడితే ఆ నదిలో వదిలారు. 2018లో జన్యువులు చూస్తే కనీసం ఐదు వేర్వేరు వంశాలు బయటపడ్డాయి, లక్షల ఏళ్ల కిందటే విడిపోయినవి. ఒక కొండవరస నీళ్లు ఇంకో కొండవరసకి వెళ్లవు, ఇవి నేల మీద నడిచి పోవు, కాబట్టి దేని దారిన అది మారుతూ వచ్చింది. పైకి మాత్రం అన్నీ ఒకేలా కనిపిస్తాయి. అదే ఏడాది వచ్చిన ఒక సర్వేలో 97 చోట్ల వెతికితే 4 చోట్లే కనిపించాయట. 2019లో వేరు చేసిన ఆండ్రియాస్ స్లిగోయి సంగతి ఇంకా విచిత్రం, ఆ పేరు పెట్టడానికి ఆధారమైన జంతువు లండన్ జూలో 20 ఏళ్లు బతికి చచ్చి మ్యూజియం చేరింది, అది వేరే జాతి అని తేలడానికి ఇన్నేళ్లు పట్టింది. జపాన్ 1952 నుంచీ తన సాలమాండర్‌ని ప్రత్యేక ప్రకృతి స్మారకంగా కాపాడుకుంటోంది, అయినా తిండికని తెచ్చిన చైనావి క్యోటోలోని కామో నదిలో చేరాయి. ఇప్పుడక్కడ సంకరానివే ఎక్కువ.

కాబట్టి సవరణ వేయండి, రెండు లైన్లయినా చాలు. ఇంకో కోరిక కూడా ఉంది. సాలమాండర్ కోసం చైనా దాకా వెళ్లారు గానీ, దానికి దూరపు చుట్టం ఒకటి మన కొండల మీదే ఉంది. ఒడిశా, ఆంధ్రా తూర్పు కనుమల్లో సుమారు 1200 మీటర్ల ఎత్తున మట్టిలో బతికే కాళ్లు లేని ఉభయచరం, గెగెనియోఫిస్ ఓరియంటాలిస్ అని 2013లో పేరు పెట్టారు. చూడ్డానికి వానపాములా ఉంటుంది. వచ్చే ఆదివారం దాని ఫోటో వేయండి. కింద పాము అని మాత్రం రాయకండి, మా ఫ్రిజ్ మీద ఇంకా చోటుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్,
విశాఖపట్నం